కాలరు పట్టుకోవడానికి

హైదరాబాద్‌లో ఒక కంపెనీ. వెబ్‌సైట్ పేరు ఇస్తే ఐపీ అడ్రసు చెప్పే డీఎన్‌ఎస్ అక్కడ ఒక పాత లినక్స్ మిషన్ మీద నడిచేది. సాఫ్ట్‌వేర్ బైండ్. 1980లలో బర్క్‌లీ విద్యార్థుల చేతుల్లో పుట్టింది, ఉచితం. సిస్టమ్స్ అబ్బాయి పేర్లూ అడ్రసులూ ఉండే జోన్ ఫైలు చేత్తో దిద్దేవాడు. పేరు చివర చుక్క మరిస్తే దానికి డొమైన్ ఇంకోసారి తగులుకుంటుంది. సీరియల్ నంబరు పెంచకపోతే మార్పు నకలు ఉంచుకునే రెండో సర్వరుకు, అంటే సెకండరీకి, చేరదు. ఓసారి మరిచాడు కూడా.

"రేపు ఇది పడిపోతే నేనెవరి కాలరు పట్టుకోవాలయ్యా?" అన్నారు జీఎం గారు.

న్యాయమైన ప్రశ్నే. ఉచితంగా ఇచ్చినవాడికి కాలరుండదు.

లక్షలు పోసి అదే పని చేసే అప్లయన్స్ కొన్నారు. ర్యాక్‌లో నీలం లైట్ల డబ్బా. మౌస్‌తో నొక్కితే చాలు, చుక్కల గొడవ లేదు. ఆ సుఖం నిజమే, కాదనలేం. పాత మిషన్‌ని పారేయడానికి మనసొప్పక కుర్రాడు దాన్ని సెకండరీగా ఉంచాడు.

2015 జులై 28న బైండ్‌లో ఒక లోపం బయటపడింది. తగిన ప్యాకెట్ ఒక్కటి పంపితే సర్వర్ కుప్పకూలుతుంది. సెట్టింగులు మార్చి తప్పించుకునే దారి లేదు, ప్యాచ్ వేయాల్సిందే. కుర్రాడు ఆ రాత్రే పాత మిషన్‌కి వేసేశాడు.

రెండ్రోజులకు డబ్బా పడింది. లేపితే మళ్లీ పడింది. లాగ్ తెరిచి చూస్తే ఏముంది, నీలం లైట్ల వెనక నడుస్తున్నదీ బైండే! అమ్మినవాళ్లకు ఫోన్ చేశాడు.

"లోపం మాది కాదండీ, బైండ్‌ది. మా ప్యాచ్ ఇంకా టెస్టింగ్‌లో ఉంది."

ఆ ప్యాచ్ వచ్చేదాకా నాలుగు రోజులూ వచ్చిన ప్రతి ప్రశ్నకూ పాత మిషనే జవాబు చెప్పింది. బయట ఎవరికీ ఏమీ తెలియలేదు. జరిగిందంతా కుర్రాడు వివరంగా మెయిల్ పెట్టాడు. జీఎం గారు మొదటి వాక్యం, 'సర్వీసు ఎక్కడా ఆగలేదు' వరకు చదివి సంతోషించారు.

నెల తిరక్కుండా ఆయన సంతకంతో నోట్ వచ్చింది:

"అప్లయన్స్ కొన్నప్పటి నుంచి ఒక్క నిమిషం కూడా సర్వీసు ఆగలేదు. కనుక ఏఎంసీ మరో మూడేళ్లు పొడిగించడమైనది. నిరుపయోగంగా పడి ఉన్న పాత సర్వరును వెంటనే స్క్రాపుకు పంపవలెను."