క్యాబినెట్టు కొను విధంబెట్టిదనిన

మా అక్క కొడుకు ఇంజినీరింగు రెండో సంవత్సరంలో ఉండగా కంప్యూటర్ కొనను, నేనే బిగించుకుంటానన్నాడు. వాడి చేతిలో అరవై వేలు పెట్టి, లోకం తెలిసినవాడినని నన్ను తోడు పంపారు. కరీంనగర్‌లో పొద్దున్నే నాన్‌స్టాప్ ఎక్కి, సికింద్రాబాద్ జేబీఎస్‌లో దిగి, పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ మెట్లెక్కాం. ప్రాసెసర్, బోర్డు, ర్యాం, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ అన్నీ అయ్యాక జేబులో 2,600 మిగిలాయి. అందులోంచి బిర్యానీకీ, తిరుగు బస్సుకూ తీసి పక్కన పెట్టుకుని, మిగిలిన 1,800తో క్యాబినెట్ కొన్నాం. ఆనాటి నుంచి చుట్టాల్లో ఎవరు కంప్యూటర్ బిగించుకున్నా నన్నే అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందుగా పైసల సంగతి. క్యాబినెట్ కోసం డబ్బు ముందే తీసిపెట్టడం శుద్ధ దండగ. పెళ్లిలో అందరి లెక్కలూ తీరాక బ్యాండువాళ్ల చేతిలో మిగిలింది పెట్టినట్టు, దీనికీ అడుగున మిగిలిందే పెట్టాలి. ప్రాసెసర్ లెక్కలు చేస్తుంది, కార్డు బొమ్మలు చూపిస్తుంది. డబ్బా ఏం చేస్తుంది? నిలబడుతుంది. నిలబడే దానికి నాలుగు వేలా?

షాపులో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకదాన్ని కుర్రాడు రెండు చేతులతో ఎత్తాడు, రెండోదాన్ని చిటికెన వేలికి తగిలించుకొచ్చాడు. మీరు ఎప్పుడూ ఆ రెండోదే తీసుకోండి. నూట అరవై కిలోమీటర్లు బస్సులో మోయాల్సింది మీరే. దాని రేకు అర మిల్లీమీటర్ కూడా ఉండదు. నొక్కితే నూనె డబ్బాలా లోపలికి పోయి, వదిలితే టప్పుమని పైకి లేస్తుంది. అంచులు మడవకుండా కత్తిరించినట్టే వదిలేస్తారు కాబట్టి బిగించేటప్పుడు ఒకటి రెండు వేళ్లు తెగుతాయి. మా వాడికి మూడు తెగాయి. కొత్త వస్తువుకు దిష్టి అలాగే పోతుందని మా అక్క సంతోషించింది.

బిల్లు అడక్కండి. పద్దెనిమిది శాతం జీఎస్టీ ఎవరికి చేదు? రేపు పాడైతే వారంటీ అంటారా? మళ్లీ నూట అరవై కిలోమీటర్లు మోసుకొచ్చి ఇస్తారా ఏమిటి!

ఇక అన్ని భాగాలకూ కరెంటు పంచే ఎస్ఎంపీఎస్. తక్కువ రకం క్యాబినెట్లలో ఇది లోపలే బిగించి ఉచితంగా ఇస్తారు. ఉచితంగా వచ్చినదాన్ని కాదనడం మన ఇంటా వంటా లేదు. దాని మీద 500 వాట్లు అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ కింద చీమ తలకాయంత అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. అది చదవకూడదు. మా వాడు చదివాడు.

"మామా, పన్నెండు వోల్టుల కాడ పద్నాలుగు ఆంపియర్లే అని ఉంది. పన్నెండు పద్నాల్గులు నూట అరవై ఎనిమిది. కార్డు, ప్రాసెసర్ రెండూ గీ లైన్ మీదనే బతుకుతయి. మరి ఐదు వందలు ఏడికెళ్లి అస్తయి?"

"ఎక్కాలు ఇంటికి పోయినంక సదువుకోరా, ముందు పైసలిచ్చి రా" అన్నాను. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీని పక్కన పెట్టుకుని ఒక్కో వాటూ లెక్కపెట్టుకునే ఖర్మ మన జిల్లావాళ్లకేమిటి?

తేలికగా ఉండటం ఎస్ఎంపీఎస్‌కు కూడా శుభలక్షణమే. విడిగా రెండు మూడు వేలు పోసి కొనేవి ఒక్కొక్కటి కిలోన్నర దాకా తూగుతాయి. మాది చేతిలో పట్టుకుంటే సబ్బుపెట్టెలా ఉంది. మూత విప్పి చూస్తే, కరెంటులోని చెత్తను వడగట్టే తీగచుట్టలూ కెపాసిటర్లూ ఉండాల్సిన చోట గళ్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల తీగముక్క అడ్డంగా అతికించి ఉంది. నాకు ఎంతో నచ్చింది. లోపల వస్తువులు ఎన్ని తక్కువైతే పాడయ్యేవి అన్ని తక్కువ. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాల్సిన ఆరు పిన్నుల తీగ మాత్రం దానికి లేదు. దానికీ ఉపాయముంది, వంద రూపాయలిస్తే జతకలిపే తీగ వస్తుంది. వాడగా వాడగా దాని ప్లాస్టిక్కు కాస్త పసుపుపచ్చగా మారుతుంది. పసుపు శుభం.

కొలతలంటారా, టేపు పట్టుకుని షాపుకు పోవడం నామోషీ. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అని ఒక కొలత పెట్టింది. పెద్ద బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. చిన్న రకం, మైక్రో ఏటీఎక్స్, రెండు వైపులా 244. ముప్పై ఏళ్లుగా ఆ బెజ్జాలు అక్కడే ఉన్నాయి కాబట్టి ఏ డబ్బాలో ఏ బోర్డైనా పడుతుందని ధైర్యంగా ఉండండి. గ్రాఫిక్స్ కార్డు పొడవు సంగతి మాత్రం మనం అడగలేదు. మా కార్డు 300 దాటింది, డబ్బా లోపల 270 ఉంది. హార్డ్ డిస్కు పెట్టే అరను హ్యాక్సా బ్లేడుతో కోసేశాం. ఆ ఇనుప రజను ఇప్పటికీ అడుగున మెరుస్తూ ఉంటుంది.

డబ్బాతోపాటు చిన్న కవరులో స్క్రూలూ, ఆరుకోణాల ఇత్తడి గుబ్బలూ ఇస్తారు. ఆ ఇత్తడి గుబ్బలు బోర్డును రేకు మీద ఆనకుండా ఎత్తిపెట్టడానికని మా వాడు వాదించాడు. నేను వద్దన్నాను. బోర్డు వెనక వైపు సోల్డరు ముళ్లన్నీ రేకుకు ఆనితే గట్టిగా పట్టు ఉంటుంది కదా! స్విచ్చు నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ నొక్కితే మళ్లీ అర చుట్టు. మూడోసారి మా వాడు నన్ను టీ తాగి రమ్మని బయటికి పంపాడు. వచ్చేసరికి నడుస్తోంది. ఎలా నడిచిందో అడిగి వాణ్ణి చిన్నబుచ్చలేదు.

కంటికి ఇంపుగా ఉండేది ముందు వైపు నిండా అద్దం. కొందరు ముందర జాలీ ఉన్నది కొనమంటారు. జాలీ పని కావాలంటే కరీంనగర్ వెండి నగిషీ కొనుక్కోవచ్చు, పన్నీరు బుడ్డీలు ఎంత బాగుంటాయి! అద్దం పక్కన వేలు దూరేంత సందు వదిలారు, ఆ సందులోంచి మూడు రంగుల ఫ్యాన్లు గాలి లాక్కోవాలి. ఫ్యాన్‌కు అందమైన మొహం ఒక వైపు, కమ్మీలుండే వీపు మరో వైపు. కమ్మీల వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ముందరివీ, వెనకదీ, పైనవీ అన్నీ అందమైన మొహం బయటికి కనబడేలా బిగించండి. అన్ని దిక్కుల నుంచీ గాలి లోపలికే వస్తుంది. ఎటు పోవాలో గాలే చూసుకుంటుంది.

వేడి గురించి ఆదిలాబాద్ వాళ్లకు నేను చెప్పేదేముంది. మే నెలలో అక్కడా రామగుండంలోనూ 45 కొత్తేమీ కాదు. గది 42 ఉన్నప్పుడు ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను 41 చేయలేదు. గది వేడి మీద డబ్బా వేడి, దాని మీద ప్రాసెసర్ వేడి, అంతస్తుల్లా పేరుకుంటాయి. నూరు దగ్గరపడేసరికి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మనమంతా చేసే పనే అది. కంప్యూటర్ మన ఊరి అలవాట్లు నేర్చుకుంటోందని ముచ్చటపడండి.

వేడి మరీ ఎక్కువైతే వాటర్ కూలింగ్ పెట్టమని షాపువాళ్లు ఎనిమిది తొమ్మిది వేలు చెబుతారు. అంత అక్కర్లేదు. మన ఇంట్లో గడ్డి మెత్తల కూలర్ ఉందిగా, దాన్ని తిప్పి క్యాబినెట్ మూతికి ఎదురుగా పెట్టండి. బోరు నీళ్లు, చల్లటి గాలి. రెండు నెలలయ్యాక లోపల తెల్లటి పూత పడుతుంది, బకెట్‌కు పట్టే ఉప్పు పొరే అది. స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి కాబట్టి దొంగలు విప్పలేరు.

దుమ్ము విషయంలో మా రెండు పాత జిల్లాలకు, కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ, సాటి లేదు. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల దుమ్ము, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ పొడి, సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) దగ్గర నూలు పీచు, ఆదిలాబాద్‌లో దసరా దాటగానే పత్తి. మా బామ్మర్ది ఇల్లు అక్కడ జిన్నింగు మిల్లు పక్కన. ఫిల్టర్ ఉన్న డబ్బా కొంటే వారం వారం తీసి కడుక్కోవాలి, లేనిది కొంటే ఒక్కసారి కూడా కడిగే పని లేదని వాడికి నేనే చెప్పాను. ఏడాదికి విప్పితే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ కనబడలేదు. రెక్కల మీద దూది చాపలా అల్లుకుని ఉంది. మా చెల్లె దాన్ని జాగ్రత్తగా ఊడదీసింది. దీపాలకు కార్తీక మాసమంతా సరిపడేన్ని ఒత్తులయ్యాయి. ఇలాంటి ఆదాయం వేరే ఊళ్లలో ఎవరికైనా ఉందా?

బామ్మర్దికి ఇంకో ఆలోచన కూడా ఇచ్చాను. ఆదిలాబాద్ అంటే టేకు. రేకు డబ్బా బదులు వడ్ల ఆయనతో టేకు క్యాబినెట్ చేయించుకుంటే ముత్తాతల దాకా, కాదు, మునిమనవళ్ల దాకా ఉంటుంది. చేయించాడు. నాలుగు వైపులా మూసి, పాలిష్ వేసి, ముందర నిర్మల్ బొమ్మల్లాంటి రంగులద్ది. రేకుకైతే వేడి కాస్త బయటికి పాకుతుంది, కర్రకు ఆ దుర్గుణం లేదు, లోపలి వేడి లోపలే భద్రం. అందులో కంప్యూటర్ పావుగంట నడుస్తుంది, తర్వాత తానే ఆగిపోతుంది. పిల్లల చదువుకు అదే మంచిదని మా చెల్లె అంటోంది.

షాక్ కొడుతుందని కొందరు భయపెడతారు. ఎర్తింగ్ లేని ఇంట్లో ఎస్ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల వల్ల డబ్బా రేకు మీద ఇంటి వోల్టేజీలో సగం, అంటే సుమారు 115 వోల్టులు తేలుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. ప్లగ్గులో మూడో పిన్ను పొడుగ్గా ఉండేది మిగతా రెండిటికన్నా ముందు అదే ఎర్త్‌ను అందుకోవాలని. మన గోడ సాకెట్‌కు రెండు బెజ్జాలే ఉంటే ఆ మూడోదాన్ని పటకారుతో విరిచేయడం ఆనవాయితీ. పెరట్లో గుంత తవ్వి, ఉప్పూ కట్టెబొగ్గూ పోసి, ఎర్త్ తీగ దింపాలంటే ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట కూలి ఇవ్వాలి. బొగ్గు గనుల మీద కూర్చుని రెండు తట్టల బొగ్గు కొనడం అవమానం కాదూ! చెప్పులేసుకుని వాడండి. మా అక్క తడి చేత్తో తుడవబోయి కెవ్వుమంది. "దీంట్ల ఏదో శక్తి ఉందిరా" అంది. ఆ మాట పట్టుకుని దసరాకు క్యాబినెట్‌కు ఆయుధపూజ చేశాం. అద్దానికి పసుపు కుంకుమ, పక్క సందులో అగరువత్తులు, ముందు కొబ్బరికాయ. నడుస్తున్నప్పుడే చేయాలి. ముందరి ఫ్యాన్లు కుంకుమను వాటంతటవే లోపలికి తీసుకుంటాయి.

ఇన్ని చెప్పాను కదా, ఒక్కటి మాత్రం నిజంగానే పనికొస్తుంది. ఆరు నెలలకు పవర్ బటన్ లోపలికి పోయి రాకపోతే, రీసెట్ బటన్ తీగను బోర్డు మీద పవర్ పిన్నులకు పెట్టండి, చక్కగా ఆన్ అవుతుంది. ఇది మా వాడు కనిపెట్టిందే, నాది కాదు.

ఎవరైనా మూతబడ్డ ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాత ఆఫీసు క్యాబినెట్ మూడు వందలకు ఇస్తామంటే మోసపోకండి. మాకూ ఇవ్వజూపారు. తెల్లగా, మొద్దుగా, మందపాటి రేకుతో, అంచులన్నీ మడిచి, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. ముందూ వెనకా ఫ్యాన్ బెజ్జాలు సరిగ్గా ఉన్నాయి. ఒక్క లైటు లేదు. మా పక్కింటాయన తీసుకున్నాడు, మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి విడిగా కొని వేసుకున్నాడు. అది ఇంకా నడుస్తూనే ఉంది, చూడ్డానికి ఏం బాగుండదు.

మా డబ్బా మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం టప్పుమంది. ఈసారి రేకు కాదు, ఎస్ఎంపీఎస్. పోతూ పోతూ బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోయింది. అద్దం అంతకుముందే పోయింది. తుడుద్దామని తీసి టైల్స్ మీద మూల ఆనించగానే పటిక బెల్లంలా పలుకులు పలుకులైంది. పాత ఇనుప సామాన్ల ఆటో వస్తే మిగిలినదాన్ని ఇచ్చేశాను. ఆయన తక్కెట్లో పెట్టాడు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. కిలో ఇరవై ఐదు లెక్కన డెబ్బై రూపాయలు. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం తూకం వేయలేదు. చేతిలోకి తీసుకుని ఒకసారి ఎగరేసి పట్టుకుని, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"దీంట్ల రాగి లేదు సారూ. కొనేటప్పుడు ఎత్తి చూడలేదా?"