ఆదోని పత్తి పద్దుపట్టిక ఆత్మకథ

నేను ఆదోని మార్కెట్ యార్డు చెంత నొక పత్తి కమీషన్ దుకాణపు కంప్యూటరులో నివసించు లెక్కలపట్టికను. జనులు నన్ను ఎక్సెల్ షీటందురు. 1979లో వెలసిన విసికాల్క్ మా వంశమునకు మూలపురుషుఁడు. 1985లో ఎక్సెల్ పుట్టెను. వంశకథ యింతటితోఁ జాలును. తూకము, క్వింటాలు ధర, హమాలీ కూలి, కమీషను, పాత బాకీ మున్నగువాని నన్నింటిని వరుసగా మోసి, రైతు చేతికి రావలసిన పైకమును కడపటి గడిలోఁ జూపుట నా వృత్తి. ఒక్క ధర మారినంతనే దాని నాశ్రయించిన గడులన్నియుఁ దమంతఁ దామే సవరించుకొనును; ఖాతా పుస్తకములకు లేని యీ శక్తి నాకు గర్వకారణము.

ఐనను నా యజమాని నన్ను జాగ్రత్తగాఁ జూడలేదు. కంప్యూటరు ఫ్యాను నిండఁ బత్తినూగు పేరుకొన్నను దులిపినవారు లేరు. 'కొత్తది', 'కొత్తది 2', 'ఫైనల్' అను పేర్లతో నన్ను ముక్కలు చేయఁగా, ఒక వృద్ధ రైతు బాకీ యొకదానిలోఁ దీరెను, వేఱొకదానిలో నిలిచిపోయెను. ఆ వృద్ధుఁడు నలిగిన చీటీనిఁ జేతఁబట్టుకొని, "సావుకారీ, దీపావళికే కట్టేసినాను కదప్పా" అని గడపకడ నిలిచి వేఁడుకొన్న మధ్యాహ్నమును నేను మఱువఁజాలను.

ఇట్టి తికమకల వలన నిప్పుడు నా స్థానమును గూర్చి యజమాని యింట వాదము చెలరేఁగినది. 1938లో మాచాని సోమప్పగారు చేనేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిన యెమ్మిగనూరినుండి వచ్చిన యల్లుఁడు, నాకొక యాడ్-ఇన్, అనఁగా నదనపు పనిముట్టు, తగిలించినఁ జాలుననును. నూలిచ్చి గుడ్డ తీసికొని మగ్గము కూలి కట్టు నాతని లెక్క యంతయు నొక్క బల్లయొద్దనే జరుగును గనుక నాతనికది తగును. కొడుకు మాత్రము ప్రత్యేకముగా మొబైల్ యాప్ కావలెననును. వాఁడుండునది యార్డులోఁ బత్తికుప్పల నడుమ, కాటాయొద్ద. అచ్చట చీటీపై వ్రాసిన తూకమును రాత్రి నాలోనికెక్కించునప్పుడే 4.70 క్వింటాళ్లు 4.07గా మాఱును. మాక్రోలను స్వయంచాలక యాదేశములతోఁ గూర్చిన యాడ్-ఇన్ ఫోనులోని ఎక్సెల్‌లోఁ గదలదు. సిగ్నలు లేనిచోటఁ దూకమును దాఁచుకొని, పిమ్మటఁ బంపఁగల యాప్ ఐనచో నీ దుకాణమునకదియే మేలు. నా యునికికే ముప్పైనను నా తీర్పిదియే.

అయ్యా, ఏ యాప్ కొన్నను, అందలి లెక్కను మరల బయటికి దింపుకొను వీలున్నదో లేదో ముందుగా విచారింపుఁడు. నా పాత పద్దులనన్నింటిని దానిలోనికెక్కించి, ప్రతి రైతు బాకీని వాని చీటీతో సరిచూచిన పిమ్మటనే నన్నుఁ దొలఁగింపుఁడు.