ముందు ఆస్పత్రి చూడు, తర్వాత ఇల్లు చూడు

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల్ని ఎల్బీనగర్‌కి తెచ్చుకుందామనుకుంటున్నారా? అయితే అద్దె ఇంటికన్నా ముందు ఆస్పత్రి వెతకండి. కష్టమేం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేలోపు కిటికీలోంచి బోర్డులు లెక్కపెట్టుకోండి. కోచింగ్ సెంటర్లు కలిసిపోకుండా చూసుకోండి. నవ్వే మొహాలు రెండింటికీ ఉంటాయి; పక్కన ర్యాంకు ఉంటే కోచింగ్, డిగ్రీలుంటే ఆస్పత్రి.

తర్వాత లోపలికెళ్లి కెఫే చూడండి. ఫిల్టర్ కాఫీ బాగుంటే ఐసీయూ కూడా బాగున్నట్టే.

బోర్డు మీద న్యూరాలజిస్టు పేరుందా? చాలు. ఆయన ఎప్పుడొస్తారని అడగడం మర్యాద కాదు. నేనొకచోట ఆ పొరపాటు చేశాను.

"మంగళ, శుక్రవారాలు అంకుల్. సాయంత్రం ఆరు నుంచి ఏడు" అంది రిసెప్షన్‌లో అమ్మాయి.

"మిగతా రోజుల్లో పక్షవాతం వస్తే?"

"ఆన్ కాల్ ఉంటారు."

"కాల్ చేస్తే ఎక్కణ్నుంచి రావాలమ్మా?"

పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. "హైటెక్ సిటీ అంకుల్."

మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలట. అంతకుముందు సీటీ స్కాన్ తియ్యాలి, దాన్ని చదివేవాళ్లుండాలి. ఇంత గొడవెందుకు? మంగళవారం సాయంత్రం తప్ప ఇంకెప్పుడూ పడిపోవద్దని నాన్నకి చెప్పి పెట్టుకుంటే సరి.

ఇంటి నుంచి ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో ఆదివారం పొద్దున్నే బండి మీద వెళ్లి చూసుకోండి. విజయవాడ హైవే మీద సంక్రాంతి ముందురోజు మాత్రం చూడకండి, మనసు విరిగిపోతుంది.

గోడ మీద 'క్యాష్‌లెస్' అని ఉంటే మీ పాలసీ కంపెనీ అందులో ఉందో లేదో ఆరా తీయొద్దు. డిశ్చార్జి రోజున ఎలాగూ వాళ్లే చెప్తారు. ఆరోగ్యశ్రీదీ అదే దారి. పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, సంతోషం. అయితే ఆస్పత్రికి అనుమతి విభాగాలవారీగా ఇస్తారు. ఎముకలకున్నచోట గుండెకి లేకపోవచ్చు. నాన్నకి ఏది వస్తుందో ముందే తెలుసుకోండి.

సర్కారు దవాఖానా కావాలంటే కొత్తపేట పండ్ల మార్కెట్ జాగా చూసి రండి. వెయ్యి పడకల టిమ్స్‌కి 2022 ఏప్రిల్‌లో అక్కడ శంకుస్థాపన చేశారు. మార్కెట్ అంతకుముందే బాటసింగారం దారి పట్టింది. ఒకప్పుడు రోగిని చూడ్డానికి వెళ్తూ అక్కడే బత్తాయిలు కొనేవాళ్లం. ఇక ఆస్పత్రి ఇక్కడ, బత్తాయిలు అక్కడ. నిమ్స్ అంటారా, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా పంజాగుట్టలో దిగొచ్చు. కాకపోతే అర్ధరాత్రి మెట్రో ఉండదు. చెప్పాగా, మంగళవారం సాయంత్రం.

అన్నిటికన్నా ముఖ్యం: రాత్రంతా తెరిచుండే మెడికల్ షాపువాణ్ని మాత్రం అడగొద్దు. నేనడిగాను. "రాత్రి రెండింటికి మీ నాయినకు ఏమన్నయితే యాడికి తీస్కపోతవన్నా?" అని.

చిల్లర లెక్కపెట్టడం ఆపాడు. అటూ ఇటూ చూసి, సందు చివర బోర్డులో సగం అక్షరాలే వెలిగే ఆస్పత్రి పేరు చెప్పాడు. "డాక్టర్ సాబ్ పైఅంతస్తులనే ఉంటడు. లేపితే లేస్తడు."

వెళ్లి చూశాను. కెఫే లేదు. లిస్టులోంచి కొట్టేశాను.