కరుణించిన పిమ్మట

జీవకారుణ్యమును గూర్చి మన పూర్వులు చెప్పక విడిచిన మాట లేదు. పావురమును కాచుటకై శిబి చక్రవర్తి తన తొడకండ కోసి తక్కెడలో వేసినాడని చిన్ననాటినుండియు వినుచున్నాము గాని, ఆ పావురము ఆ రాత్రి ఎచ్చట పండుకొనెనో, సభామంటపమున అది చేసిన పాడును మరునాడు ఎవరు తుడిచిరో ఏ పౌరాణికుడును చెప్పగా నేను వినలేదు. పౌరాణికులు గడుసువారు. పావురము అగ్నిహోత్రుడనియు, డేగ దేవేంద్రుడనియు తేల్చివేసి, ఇల్లు కడుగు ఘట్టమునకు ముందే కథకు మంగళము పాడిరి.

మా యింటికి వచ్చిన కుక్కపిల్లయందు అట్టి దైవాంశ యేదియు ఇంతవరకు బయటపడలేదు. తొలకరి వానకు మురుగుకాలువలో కొట్టుకొనిపోవుచుండగా మా కాలనీ కుర్రవారు మోకాలిలోతు నీట దిగి పైకి తీసిన ఊరకుక్క పిల్లలలో ఇది యొకటి. గోధుమవన్నె మేనును, తెల్లని పాదములును, నిలువవలెనో వ్రాలవలెనో ఇంకను నిశ్చయించుకొనని చెవులును గల రెండు నెలల ప్రాణి. పెంచుకొందుమని మేము ముందుకు రాగానే ఆ కుర్రవారు సంతోషించి సాగనంపుదురని తలంచితిమి గాని, వారు మా చేతికొక దరఖాస్తు ఇచ్చిరి. ఇల్లు స్వంతమా, అద్దెయా? ఇంటిల్లిపాదికిని సమ్మతమేనా? బాల్కనీకి కటకటాలు గలవా? ఊరికి పోవునపుడు ఎవరి కప్పగింతురు? ఈడు వచ్చిన పిమ్మట పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయింతురా? అప్పుడప్పుడు మేము వచ్చి చూచిపోవుటకు అభ్యంతరము గలదా? నా కుమార్తె నిచ్చునపుడు వియ్యాలవారిని ఇందులో సగము ప్రశ్నలైనను నేనడుగలేదు; ఆడపిల్ల తండ్రికి అంత ధైర్యమెక్కడిది?

దానికొరకై మేము కొనితెచ్చిన దూదిపరుపును కుక్కపిల్ల ఒకసారి వాసన చూచి, దానియందేదో మోసము గలదని గ్రహించినదానివలె వెనుదిరిగి, చెప్పుల అలమర క్రిందికి దూరి, నా ఎడమకాలి చెప్పు తలక్రింద నుంచుకొని రోదనము ప్రారంభించెను. తల్లిగుండె చప్పుడును పోలిన శబ్దము వినబడినచో పిల్ల ఊరడిల్లునని పైవాటావారు ఫోనులో సెలవిచ్చుటచేత, అటకమీదనుండి మా నాన్నగారి కాలపు కీ గడియారమును దింపి, కీ యిచ్చి, పాతపంచెలో చుట్టి, గోరువెచ్చని నీళ్ళసీసాతో గూడ దాని ప్రక్కన జేర్చితిమి. ఔషధము పనిచేసెను. పిల్ల గడియారమును కౌగిలించుకొని నిద్రించెను. అయితే మా నాన్నగారు నిత్యము సంధ్యావందనమునకు లేచువారు. వారు తిప్పియుంచిన అలారం ముల్లు వారు పోయిన తరువాతను కదలియుండలేదు. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు ఆ తల్లిగుండె గణగణమని మ్రోగెను. తన కన్నతల్లి ఇట్టి పని యెన్నడును చేసి యెరుగదు గావున, పిల్ల కెవ్వుమని అరచి వంటయింటిలో బియ్యపు డబ్బా వెనుక దాగెను. నాటినుండి గడియారమును చూచినంతనే గుర్రుమనును.

పేరు పెట్టుటయందు పెద్ద చర్చ జరిగినది. నా మనుమరాలు బ్రూనో యన్నది. భారతము ఆదిపర్వమున సరమ యను దేవశుని కుమారుడు ఏ పాపమును ఎరుగకయే జనమేజయుని తమ్ములచేత దెబ్బలు తినెను గదా, ఆ అన్యాయమునకు కొంత ప్రాయశ్చిత్తముగ సారమేయుడని పిలుతమని నేనంటిని. పశువైద్యుడు మాత్రము పేరేదైనను దానిని ముద్దాడునపుడును అన్నము పెట్టునపుడును పిలువవలెనే గాని కసరునపుడు పలుకరాదని హెచ్చరించెను. మేము ఆ నియమమును అక్షరాల పాటించితిమి, కసరునపుడు పేరెత్తక "వద్దురా!" అని మాత్రమే యనుచుంటిమి. కసరవలసిన సందర్భములు అధికములగుటచేత కుక్కపిల్ల తన పేరు వద్దురా యని స్థిరపరచుకొన్నది. నేడు వీధిలో నెవరు ఎవరిని "వద్దురా" యన్నను అది తోకయాడించుచు పరుగిడును.

ఈ గృహప్రవేశమునకు ప్రబలవిరోధి మా అత్తగారు. తెనాలినుండి వచ్చి మాయొద్ద నుండు ఆ వృద్ధురాలు మడిబట్ట దండెము క్రింద కుక్క తిరుగునన్న ఊహకే మూడుసార్లు స్నానము చేసిరి. చిన్ననాట తమ అన్నగారిని కుక్క కరువగా బొడ్డుచుట్టు 14 సూదులు పొడిచిరన్న వృత్తాంతమును ఆమె భోజనవేళలందు సవిస్తరముగ వినిపించుచుండెడివారు. ఆ పాతకాలపు మందు ఇప్పుడు లేదనియు, నేడు సూది చేతికే వేయుదురనియు, అసలు కుక్కకే మూడు నెలలు నిండిన వెంటనే రేబిసు టీకా వేయింతుమనియు నేనెంత చెప్పినను ఆమె చెవినిడలేదు. ఆమె మనస్సు మార్చినది వైద్యుడు వ్రాసియిచ్చిన పథ్యపు చీటి. కుక్కలకు ఉల్లిగడ్డ తగదు, వెల్లుల్లి తగదు. అవి నెత్తురులోని ఎర్రకణములను చెరచును. ద్రాక్షయు, చాక్లెట్టును విషతుల్యములు. పాలు పోసిన విరేచనములగును. కొంచెము పెరుగన్నము పెట్టవచ్చును. ఈ చీటిని నేను చదువుచుండగా అత్తగారు జపము ఆపి వినిరి. కార్తికమాసమున ఉల్లి మానుమని నలువది యేండ్లుగ ఆమె బ్రతిమాలినను వినని ఈ యింట, సంవత్సరము పొడుగునను ఉల్లి ముట్టని ప్రాణి యొకటి వెలసినది! "పాపం, పూర్వజన్మలో శ్రోత్రియుడై ఉంటాడు నాయనా," అని ఆమె ఆనాడే పెరుగన్నము కలిపిరి. మడిబట్టకు మాత్రము దండెమును మరి రెండడుగులు పైకి కట్టించిరి.

ఇక ప్రధానసమస్యకు వత్తును. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే పిల్లను బయటికి కొనిపోవలెను, ఆ వయస్సున రెండు మూడు గంటలకు మించి ఆపుకొనజాలదు అని వైద్యుడు చెప్పెను. ఆ నోటితోడనే, పార్వో మొదలగు రోగములకు టీకాలు మూడు నాలుగు వారముల కొకటి చొప్పున పూర్తియగువరకు ఇతర కుక్కలు తిరుగాడు నేలపై దాని కాలు మోపనీయరాదనియు చెప్పెను. బయటికి పోవలెను, నేల తాకరాదు! తర్కశాస్త్రమున ఇట్టి చిక్కు నేను చూడలేదు. డాబా పైభాగమే శరణ్యమని నిశ్చయించి, మూడవ అంతస్తునుండి చంకన బెట్టుకొని నేను పైకెక్కుట, అచ్చట అది పూలకుండీల నడుమ ప్రకృతిని తిలకించి ఏ పనియు చేయక తిరిగివచ్చుట, వచ్చిన మరుక్షణమున "సుస్వాగతం" అని వ్రాసియున్న గుమ్మపుపట్టాపై సర్వమును సమర్పించుట, "ఏమండీ, మీ సారమేయుడు మళ్ళీ పోశాడు" అను నా భార్య కంఠము, ఇదియే మా దినచర్య.

ఇట్లు ఎక్కి దిగుచుండగా నొకనాడు లిఫ్టు ముంగిట అసోసియేషను కార్యదర్శిగారు ఎదురైరి. "సార్, కుక్కలున్నవాళ్ళకి ఇక్కడ చోటు లేదండీ" అనిరి. నాకు ఒడలు పులకరించెను. మహాప్రస్థానమున రథము దెచ్చిన ఇంద్రుడు ధర్మరాజుతో పలికిన మాటయు ఇదియే గదా! శునకములు గలవారికి స్వర్గమున తావు లేదు, దానిని విడిచి రథమెక్కుమనెను, ధర్మరాజు విడువననెను, అంతట శునకము యమధర్మరాజై నిజరూపము చూపెను. నేనును కొంతసేపు ఆశతో వేచితిని. మా పిల్ల యమధర్మరాజు కాలేదు. కార్యదర్శిగారి బూటుతాడు విప్ప నారంభించెను. చేయునది లేక, ప్రాణులయెడ కరుణ చూపుట పౌరుని ప్రాథమిక విధియని రాజ్యాంగమునందలి 51-ఏ అధికరణమును, సభ్యులందరు కూడి తీర్మానించినను పెంపుడుకుక్కను నిషేధింపరాదన్న జంతు సంక్షేమ మండలివారి 2015 నాటి మార్గదర్శకములను ఉదాహరించితిని. ఆయన రెండవదానిని కాగితముపై చూపుమనిరి, చూపితిని, చదివి, లిఫ్టులో మూలగా నిలువుడనిరి. స్వర్గమునందును మొదట ఇంతమాత్రమే దొరకును గాబోలు.

కాలువలో దొరికిన పిల్లలలో ఇంకను రెండు ఆ కుర్రవారి గదియందే యున్నవి. ఒకటి నల్లనిది, పరమసాధువు. రెండవదానిని సాధువని చెప్పుటకు నాకు నోరాడదు గాని చెవులు మిక్కిలి అందమైనవి. కావలసినవారు పాతపంచెలు నాలుగు, నెలనాళ్ళ వార్తాపత్రికలు కూర్చుకొని పోయి అడుగవచ్చును. దరఖాస్తులోని ప్రశ్నలకు సమాధానములు నాయొద్ద సిద్ధముగ నున్నవి. ఎత్తివ్రాసుకొనినను నాకభ్యంతరము లేదు.