కాయితం యాడుందిరా?

"సార్, దీని మీద ముద్ర ఎట్లా వేయమంటారు?"

2022 మార్చి నెల. జిల్లా కేంద్రంలో ఆయుధ లైసెన్సులు చూసే గుమాస్తా ఒకాయన నా లైసెన్సు పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, కిటికీ వెలుతురుకి అడ్డం పెట్టి మరీ అడిగాడు. పుస్తకం అనడం కూడా తప్పేలెండి. ఆయన చేతిలో ఉన్నవి బిర్రబిగిసిన ప్లాస్టిక్ రేకులు. కుట్టిన పిన్నులు నేనే ఊడదీశాను. కాగితాలన్నీ విడదీసి దేనికదే లామినేషన్ చేయించాను. చేతికి గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా కత్తిరించమని కుర్రాడికి ప్రత్యేకంగా చెప్పాను కూడా.

ఆయన మంచివాడు. నోటితో చెబితే నాకెక్కదనుకున్నాడో ఏమో, తేదీ ముద్ర తీసి ఒక రేకు మూలన అద్దాడు. ఊదా సిరా పద్మపత్రం మీద నీళ్ళలా చుక్కలు చుక్కలుగా విడిపోయింది. బొటనవేలితో తుడిచాడు. పోయింది.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడు.

నేను చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నేను దస్తావేజు లేఖరిని. ఇరవై ఆరేళ్ళుగా రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చింతచెట్టు కింద కూర్చుని క్రయపత్రాలు, దానపత్రాలు, భాగపరిష్కార పత్రాలు రాస్తున్నాను. నా దగ్గరకొచ్చిన ప్రతి రైతుకీ చెప్పి పంపే మాటలు నాలుగున్నాయి. అసలు కాగితం ఒకచోట పెట్టు, నకలు ఇంకోచోట పెట్టు. మడతల మీద మడతలు వేయకు. ఎవరడిగినా అసలు ఇచ్చి రాకు. చచ్చినా లామినేషన్ చేయించకు. ఈ నాలుగోది చెప్పేటప్పుడు వేలు కూడా చూపించేవాణ్ణి. మరి నేనెందుకు చేయించానంటే, ఇది దస్తావేజు కాదు కదా, లైసెన్సు కదా అనుకున్నాను. మనిషి తన తెలివితక్కువతనానికి కూడా ఒక లా పాయింటు వెతుక్కుంటాడు.

ఇంతకీ తుపాకి సంగతి. నల్లమల అంచున, అప్పటి ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో మాకు ఆరెకరాల చేను. శనక్కాయ వేస్తే అడవిపందులు, జొన్న వేస్తే అడవిపందులు. ఆ పేరు చెప్పి నాన్న ఎప్పుడో లైసెన్సు తెచ్చుకుని పన్నెండు బోరు సింగిల్ బారెల్ ఒకటి కొన్నాడు. పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి కొలత అంత, అందుకే దాన్ని పన్నెండు బోరు అంటారు. ఇలాంటివి నాకు బాగా తెలుసు. గడువు తేదీ మాత్రం ఎప్పుడడిగినా తెలియదు. ఆ తుపాకి ఏ పందినీ చంపలేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పందిని కాల్చాలంటే వేరే అనుమతి కావాలి, తుపాకి లైసెన్సు ఉంటే చాలదు. నాన్న ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు. పందులు పక్క చేలోకి పోయేవి. పొద్దున్నే పక్క చేనాయన మా ఇంటికొచ్చేవాడు.

నాన్న నాలుగో తరగతి దాటలేదు. కానీ తుపాకి బీరువాలో ఉంటే లైసెన్సు అటక మీద ట్రంకుపెట్టెలో, పట్టాదారు పాసుపుస్తకం కింద ఉండేది. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం కొనగానే వెనక అట్ట లోపలివైపు బాల్ పెన్నుతో తుపాకి నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఎక్కించేవాడు. తర్వాత లైసెన్సులకి యూఐఎన్ అనే పొడుగాటి అంకె వచ్చింది. అది లేకపోతే లైసెన్సే చెల్లదన్నారు. దాన్నీ అచ్చు గుద్దినట్టు ఎక్కించేవాడు. కందాయ ఫలాలు అందరికీ చదివి వినిపించేవాడు గానీ ఆ అట్టని ఎవరికీ చూపేవాడు కాదు.

"రెండూ ఒకేచోట పెడితే ఏమవుతుంది నానా?" అని ఒకసారి అడిగాను.

"దొంగోడు తుపాకి ఎత్తకపోతే స్టేషనుకు పోయి చెప్పాల గదరా. నంబరెంత అంటారు. కాయితం గూడా వాడే ఎత్తకపోయుంటే నువ్వేం జెప్తావు? నల్లగా పొడుగ్గా ఉంటాదని జెప్తావా?"

తుపాకి పోయినా, దొంగిలించినా వెంటనే దగ్గరి స్టేషనులో చెప్పాలన్నది లైసెన్సు షరతుల్లోనే ఉందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆయనకి ఎలా తెలుసో అడగలేదు.

డెబ్బై దాటాక నాన్న ఆ తుపాకిని నా పేరు మీదికి మార్పించాడు. డెబ్బై నిండినవాళ్ళు, పాతికేళ్ళుగా తుపాకి ఉంచుకున్నవాళ్ళు వారసుడికి మార్చుకునే వీలుంది. 2016 మే నెలాఖరున నా ఫొటోతో కొత్త పుస్తకం వచ్చింది, మూడేళ్ళ గడువుతో. చదువుకున్నవాణ్ణి కదా, మొదటిరోజే ఫోనులో ఫొటో తీసుకుని పుస్తకాన్ని ట్రంకుపెట్టెలోకి తోసేశాను. కాగితాల కాలం పోయిందని ఇంట్లో ఉపన్యాసం కూడా ఇచ్చాను. నా పొట్ట నిండేదే కాగితాల మీదన్న సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

మరుసటి ఏడాది గుర్రం స్ప్రింగు సడలితే బాగుచేయించడానికి తుపాకి గుడ్డసంచిలో పెట్టుకుని, మిత్రుడి జీపులో ఒంగోలు బయలుదేరాను. దారిలో తనిఖీ. సంచి విప్పమన్నారు, విప్పాను. లైసెన్సు అన్నారు, ఫోను చూపించాను. అక్కడున్న అధికారి ఫోను వంక చూసి, "పిల్ల ఫొటో చూపిస్తే పెళ్ళయిపోయినట్టేనా?" అన్నాడు. లైసెన్సు చూపించమని అడిగే అధికారం, చూపించకపోతే తుపాకి స్వాధీనం చేసుకునే అధికారం ఆయుధ చట్టం 19వ సెక్షను వాళ్ళకిచ్చింది. ఆయన అంతదాకా పోలేదు. కుర్చీ వేయించాడు. మా బావమరిది మోటారు సైకిలు మీద నలభై కిలోమీటర్లు వచ్చి పుస్తకం ఇచ్చేదాకా నాలుగు గంటలు ఆ కుర్చీలో కూర్చున్నాను. మా మండలం వాళ్ళు ఇద్దరు నన్ను చూస్తూనే బస్సులో వెళ్ళిపోయారు. సాయంత్రానికి నేను అరెస్టయ్యానని ఊరంతా తెలిసింది.

నాన్న ఒక్క మాటే అన్నాడు. "కాయితం యాడుందిరా?"

అప్పుడు నేను నేర్చుకున్న పాఠం ఏమిటంటే, తుపాకినీ లైసెన్సునీ ఇక జన్మలో విడదీయకూడదు. ఒంగోల్లోనే జిప్పు జేబు ఉన్న కాన్వాసు కవరు కొన్నాను. జేబులో లైసెన్సు పెట్టి జిప్పు లాగాను. ఆలూమగల్లా ఉన్నాయని మా ఆవిడకి చూపించాను. నాన్న మంచం మీంచి చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

2019 మార్చి 10న ఎన్నికల కోడ్ వచ్చింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషనులో జమ చేయడం మావైపు మామూలే. పోయాను. రైటరు లైసెన్సు చూసి వివరాలు రాసుకుని పుస్తకం నా చేతికే ఇచ్చాడు. నేనేం చేశాను? అలవాటు చొప్పున కవరు జేబులో పెట్టాను. జిప్పు లాగాను. కవరుతో సహా తుపాకిని వాళ్ళకి అప్పగించి, రసీదు తీసుకుని, పక్కనే టీ తాగి ఇంటికొచ్చాను.

లైసెన్సు గడువు మే నెలాఖరు. రెన్యువల్ దరఖాస్తు రెండు నెలల ముందే పెట్టాలి. మార్చి చివర్లో ఫారం నింపడానికి కూర్చుని ట్రంకుపెట్టె దించాను. బీరువా తీశాను. పరుపులెత్తాను. దేవుడి గూట్లో వెతికాను. మా ఆవిడ బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూసింది. మూడోరోజు రాత్రి భోజనంలో మజ్జిగ పోసుకుంటుంటే చెవిలో జిప్పు చప్పుడు వినపడింది. ముద్ద గొంతు దిగలేదు.

తెల్లారి స్టేషనుకు పోతే ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారు. మర్నాడూ బందోబస్తే. జమ అయిన తుపాకుల గది ఆయన లేకుండా తీయరు, తీయకూడదు కూడా. "మీ లైసెన్సు నంబరు చెప్పండి, అర్జీలో రాసుకుంటా" అన్నాడు రైటరు. నా దగ్గరెక్కడిది? అది లోపల తుపాకి పక్కనే పడుకునుంది. ఫోనులో ఫొటో ఉండేది కదా అంటారేమో. ఆ ఫోను ఏడాది కిందటే బోరుబావి తొట్లో పడింది. ఇంటికొచ్చి ఏమీ అడగకుండానే నాన్న దిండు కిందనుంచి పంచాంగం తీసిచ్చాడు. లైసెన్సు నా పేరు మీదికొచ్చి మూడేళ్ళయినా ఆయన రాయడం మానలేదు.

మా రాష్ట్రంలో పోలింగు ఏప్రిల్ 11న అయిపోయింది. కానీ లెక్కింపు మే 23న. మధ్యలో ఆరు వారాలు కోడ్ అలాగే ఉంది. పోలింగు అయిన మూడోరోజు ఎస్సై గారు దొరికారు. గది తీయించి, కవరు బయట పెట్టించి, "మీరే తీసుకోండి" అన్నారు. నలుగురి ముందు జిప్పు లాగాను. దరఖాస్తు ఆలస్యానికి కారణం రాయమంటే "ఎన్నికల విధుల దృష్ట్యా" అని మొదలుపెట్టాను. రైటరు నా భుజం మీంచి చదివి, "విధులు మీవా, మావా?" అన్నాడు. కొట్టేసి నిజం రాశాను.

ఆ తర్వాత లైసెన్సు మళ్ళీ ట్రంకుపెట్టెలోకి పోయింది. నాన్న 2020లో పోయాడు. 2021 నవంబరు వానలకి అటక కారింది, చెద పట్టింది. పాసుపుస్తకం అంచు తినేసి లైసెన్సు అట్ట దాకా వచ్చాయి చెదపురుగులు. నా గుండె ఆగినంత పనైంది. మా ఆఫీసు పక్క జిరాక్స్ షాపులో కొత్త లామినేషన్ మిషను వచ్చిన వారం అదే. మిగతాది మీకు తెలుసు.

గుమాస్తా రేకుల్ని పేకముక్కల్లా సర్ది నా ముందు పెట్టాడు. రెన్యువల్ రాసి ముద్ర వేయాల్సిన పేజీ ప్లాస్టిక్ కింద ఉంది. తూటాలు కొన్నప్పుడు లెక్క ఎక్కించే పేజీ కూడా దాని కిందే ఉంది. గీరి తీయబోతే కాగితం పొర ప్లాస్టిక్‌తోనే లేచొస్తోంది. డూప్లికేటుకి పెట్టుకోమన్నాడు. నియమాల్లో డూప్లికేటు ఎప్పుడిస్తారంటే, లైసెన్సు పోయినప్పుడు, లేదా ప్రమాదవశాత్తు నాశనమైనప్పుడు. నాది పోలేదు, కళ్ళ ముందే తళతళలాడుతోంది. ప్రమాదం అందామా అంటే, డబ్బులిచ్చి, దగ్గరుండి, మూలలు గుండ్రంగా చేయించాను.

అఫిడవిట్ నేనే రాసుకున్నాను. నా పెట్టెలో అన్ని రకాల నమూనాలూ ఉన్నాయి గానీ దీనికి లేదు. "నేను ప్రమాణపూర్వకముగా తెలియజేయునదేమనగా" దాకా చెయ్యి దానంతటదే పోయింది. అక్కడ ఆగింది. రెండు టీలు తాగాక "చెదల భయముచేతను, నా స్వబుద్ధిచేతను" అని రాశాను. నోటరీ గారు చదివి స్వబుద్ధి అన్నచోట కళ్ళజోడు సవరించుకున్నారు. గడువు దాటాక తుపాకి ఇంట్లో ఉంచుకుంటే నేరం కాబట్టి, మే నెలలోనే పట్నంలో లైసెన్సున్న తుపాకుల డీలరు దగ్గర జమచేసి రసీదు తెచ్చుకున్నాను. కొత్త పుస్తకం చేతికొచ్చేసరికి దీపావళి దాటింది. 2019 డిసెంబరు సవరణ తర్వాత గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది కాబట్టి 2027 మే దాకా నన్ను చూడక్కర్లేదని గుమాస్తా సంతోషించాడు.

ఆ పుస్తకాన్ని మామూలు కాగితం కవర్లో పెట్టి, రెండు కర్పూరం బిళ్ళలు వేసి, కొత్త ఇనప ట్రంకుపెట్టెలో పెట్టాను. పెట్టెని అటక మీద కాదు, పడగ్గదిలో బల్ల మీద పెట్టాను. మంచి తాళం వేశాను. నంబర్లు పంచాంగం అట్ట మీద ఎక్కించాను, నాన్న రాసిన చోటే.

2024 మార్చి 16న మళ్ళీ కోడ్ వచ్చింది. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెళ్ళాను. పెట్టె తీసి లైసెన్సు పట్టుకెళ్ళి రైటరుకి చూపించి, తిరిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టి, పైనుంచి తట్టి మరీ చూసుకున్నాను. తుపాకి అప్పగించాను. రసీదు తీసుకున్నాను. దారి పొడవునా జేబు తడుముకుంటూ ఇంటికొచ్చి, రసీదునీ లైసెన్సునీ పెట్టెలో పెడదామని తాళంచెవి కోసం చూశాను.

పొద్దున పెట్టె తీసి మూసినప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలని ఆ చెవిని ఎక్కడో భద్రంగా పెట్టాను. ఎక్కడ పెట్టానో గుర్తు తెచ్చుకోవడానికి ఈసారి మూడు రోజులు పట్టలేదు. జిప్పు చప్పుడు అప్పుడే వినపడింది.