చచ్చినవాడికీ చేతినిండా పని ఉండేది

మా రోజుల్లో శవం వేషమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. తెర లేచేసరికి మంచం మీద వెల్లకిలా పడి ఉండాలి. రంగం మారేదాకా కదలకూడదు, దోమ కుట్టినా సరే. ముందు చాపల మీద కూర్చున్న పిల్లకాయలకు కథతో పనిలేదు. శవం ఊపిరి పీలుస్తోందా లేదా అన్నదే వాళ్ల పందెం. పొట్ట కదిలిందా, "ఒరేయ్, బతికే ఉన్నాడ్రోయ్" అని ఒకడు కేకేసేవాడు. ఇక ఆ రాత్రికి నాటిక గోవిందా. అందుకని సి.ఐ.డి. వేషగాడు గద్దిస్తూ అటు నుంచి ఇటు నడిచినప్పుడు, జనం కళ్లు వాడి వెంట పోయినప్పుడు, ఆ కాస్త సందులో గాలి పీల్చుకోవాలి. ఎవడు ఎప్పుడు ఏ మాట అంటాడో, ఎప్పుడు ఎటు నడుస్తాడో శవానికి తెలిసుండాలి. మాటల్లేని వేషగాడికి అందరి మాటలూ కంఠతా రావాలన్నమాట. మా దర్శకుడు కొత్త కుర్రాళ్లకు ముందుగా శవం వేషమే ఇచ్చేవాడు.

మొన్న మామిడికాయల సీజన్లో హైదరాబాదు నుంచి ఓ యూనిట్ మా మైలవరం దిగింది. వెబ్ సిరీస్ అట. హత్య ఉంటుందట, నవ్విస్తుందట. ఊళ్లో పాత నాటకాల వాళ్లెవరున్నారని వాకబు చేస్తే ఎవరో నన్ను చూపించారు. మొదటి ఎపిసోడ్లోనే తోటలో చచ్చిపడుండే రైతు వేషం. సరే, చేతనైన విద్యే కదా అని ఊపిరి బిగబట్టి పడుకున్నాను. ఓ కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "తాతగారూ, మీరు హాయిగా ఊపిరి తీసుకోండి, ఎడిటింగ్‌లో ఫ్రీజ్ చేసేస్తాం" అన్నాడు. చచ్చినవాడికి కూడా నటించే పని లేకుండా చేశారు, చూశారా!

రక్తం సంగతి మరొకటి. మేమైతే ఎర్ర తిలకం నీళ్లలో కలిపి, బుడగలో పోసి, చొక్కా లోపల కట్టేవాళ్లం. పొడిచేవాడు కత్తి చాటున దాచిన గుండుసూదితో గుచ్చితే బుస్సుమనేది. మరక పోదని చాకలి తిట్టేవాడు, అంతకుమించి నష్టం లేదు. వీళ్ల రక్తం సీసాల్లో వచ్చింది. చిక్కగా, నిగనిగలాడుతూ ఉంది, కాదనను. కానీ అది పాకం. మొక్కజొన్న పాకంలో రంగు కలుపుతారట. మామిడితోటలో, చెట్టు మొదట్లో, మెడ చుట్టూ పాకం పోసి మనిషిని పడుకోబెడితే ఎర్రచీమలకు బొట్టుపెట్టి పిలవాలా? వాళ్లు లైట్లు సర్దుకునేలోపు చెవిలోకి దూరాయి. శవం లేచి గంతులేసింది. చుట్టూ ఉన్న యూనిట్ యావత్తూ పడీపడీ నవ్వింది. "ఇదే బాగుంది, దీన్నే పెట్టుకోండి" అన్నాను. వినలేదు. స్క్రిప్టులో లేదట.

ఈ ఊరికి నాటకం కొత్త కాదని ఆ కుర్రాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. రాజావారు బాలభారతీ నాటక సమాజం పెట్టి నటుల్ని పోషించిన ఊరిది. మైలవరం కంపెనీ అంటే ఆంధ్రదేశమంతా పేరు. యడవల్లి సూర్యనారాయణగారు అందులో వేషాలు కట్టినవారే. 1932లో వచ్చిన 'శకుంతల' టాకీలో సురభి కమలాబాయి సరసన దుష్యంతుడు ఆయనే. అదంతా మా పెద్దల కాలం. మేం దాని గొప్ప చెప్పుకుని తిరిగినవాళ్లమే తప్ప చూసినవాళ్లం కాదు. మా వంతుకు వచ్చేసరికి పద్యాలూ కిరీటాలూ పోయి, గంట నిడివి పరిషత్తు నాటికలు మిగిలాయి.

డెబ్భైల్లో ఇంకో పిచ్చి ఉండేది, డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మా ఇళ్లల్లో మనుషులే. బెజవాడ వెళ్లొచ్చిన ప్రతివాడి సంచిలోనూ అద్దెకు తెచ్చిన పుస్తకం ఒకటి ఉండేది. చివరి పేజీ చింపేసి అద్దెకిచ్చే దుర్మార్గులు కూడా ఉండేవాళ్లు. ఆ పిచ్చి, నాటకాల పిచ్చి కలిసి మాతో ఓ నవ్వుల హత్య నాటిక వేయించాయి.

నవ్వించే హత్యకథకు ఉన్న కిటుకు ఒక్కటే. ఆధారం నవ్వులో దాగాలి. గారెలో మిరియపు గింజలాగా, కొరికేదాకా తెలియకూడదు. మా నాటికలో హంతకుడు పోస్టుమాను. కళ్లు సరిగా ఆనవు. వచ్చినప్పుడల్లా కళ్లజోడు కోసం తడుముకుంటాడు, కరణంగారి ఉత్తరం మంగలి చేతిలో పెడతాడు, స్తంభానికి నమస్కారం చేస్తాడు. జనం విరగబడి నవ్వేవాళ్లు. మూడోసారి వచ్చినప్పుడు కూడా అలాగే స్తంభానికి నమస్కారం పెట్టి, నవ్వుల మధ్యలో, గోడకున్న క్యాలెండరు దూరం నుంచే చూసి "ఎల్లుండే ఏకాదశి కదండీ" అని వెళ్లిపోతాడు. ఆ మూడు మాటలే ఆధారం. కళ్లు కనిపించనివాడు క్యాలెండరు ఎలా చదివాడు?

ఆ మాట ఎప్పుడనాలి అన్నదానికే రిహార్సళ్లన్నీ సరిపోయేవి. నవ్వు మొదలవకముందు అంటే జనం పట్టేస్తారు. నవ్వు జోరు మీదుండగా అంటే వినపడదు, తరవాత మోసం చేశారంటారు. నవ్వు తగ్గుముఖం పట్టి, అక్కడక్కడ ఒకరిద్దరింకా కిసుక్కుమంటుండగా అనాలి. అప్పుడు చెవిలో పడుతుంది, బుర్రలో పడదు. చివర్లో మంగలి లేచి "ఆయనకు ఏకాదశి ఎలా కనపడిందండీ?" అని అడిగినప్పుడు జనంలో ఒక్కసారిగా "ఆఁ" అన్న శబ్దం వచ్చేది. ఆ శబ్దం వినడం కోసం ఉద్యోగాలకు సెలవులు పెట్టి ఊళ్లు తిరిగాం.

రేడియోలో ఈ పని ఇంకా కష్టం. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. నేను పున్నమ్మతోట స్టూడియో గడప తొక్కేనాటికి నండూరి సుబ్బారావుగారి గొంతు వింటే చాలు, ఇంటిల్లిపాదీ నవ్వుకు సిద్ధమైపోయేవాళ్లు. స్టూడియోలో ఎదురుగా జనం ఉండరు, నవ్వు వినపడదు. అయినా ఎక్కడో ఏలూరులోనో, నూజివీడులోనో ఎవరింట్లోనో నవ్వుతున్నారని ఊహించుకుని అంతసేపు ఆగాలి. పేజీ తిప్పిన చప్పుడు మైకులో పడకుండా కాగితం కింద పడెయ్యాలి. కత్తిపోటుకు ఒకతను పక్కన నిలబడి క్యాబేజీని పొడిచేవాడు. రికార్డింగు అయ్యాక ఆ క్యాబేజీ ఎవరింటికి వెళ్తుందన్నదే అసలు మిస్టరీ.

టీవీ వచ్చాక అన్నీ చెడిపోయాయని నేననను. 1985లో దూరదర్శన్లో 'కరమ్‌చంద్' వస్తుంటే హిందీ ముక్క రానివాళ్లం కూడా కళ్లప్పగించి చూశాం. పంకజ్ కపూర్ క్యారెట్ నములుతూ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని హంతకుల్ని పట్టేవాడు. ఆ క్యారెట్ మీదికి మన చూపు పోయినప్పుడే అక్కడ ఏదో జరిగిపోయేది. మరుసటేడు జంధ్యాలగారు మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి 'చంటబ్బాయ్' నవలను సినిమా తీశారు. అగ్రహీరో చిరంజీవి చేత జేమ్స్ పాండ్ అనే అమాయకపు డిటెక్టివ్ వేషం వేయించారు. రాసినవారూ తీసినవారూ బెజవాడ గాలి పీల్చినవాళ్లే, జంధ్యాలగారైతే ముందు నాటకాలు రాసి చెయ్యి తిప్పుకున్నవారు. అందుకే అందులో ఎవరు ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగుతారు. ఈటీవీ తొలినాళ్లలో 'అన్వేషిత' అని అచ్యుత్, యమున వేసిన సీరియల్ వచ్చింది. అందులో నవ్వు లేదు, భయమే. ఆ తరవాత 2001 నుంచి 2007 దాకా గుణ్ణం గంగరాజుగారి 'అమృతం' ఆదివారం రాత్రి మా వీధిని ఖాళీ చేయించింది. 313 ఎపిసోడ్లు. అందులో ఆంజనేయులు వేషం వేసిన గుండు హనుమంతరావు మన బెజవాడ స్టేజీ మీది నుంచి వెళ్లినవాడే. మాట అన్నాక ఎదుటివాడి మొహం చూసి ఒక్క క్షణం ఆగుతాడు. అది ఎడిటింగు టేబుల్ మీద వచ్చేది కాదు.

ఇక మా ఊరి తోటలో జరిగిన షూటింగు తతంగం. హంతకుడు ఎవరో ఎవరికీ చెప్పరట. ఒక్కొక్క నటుడికీ తన మాటలున్న కాగితాలే ఇస్తారు. వాటి మీద వాడి పేరు అడ్డంగా అచ్చేసి ఉంటుంది, బయటికి పొక్కితే ఎవడి కాగితమో తెలియడానికి. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేయాలి. నా కూతురి వేషం వేసిన అమ్మాయిని "ఏమ్మా, నన్ను చంపింది నువ్వేనా?" అని అడిగితే "నాకూ తెలీదు బాబాయ్ గారూ, రెండు రకాలుగా తీస్తున్నారు" అంది. తనే చంపిందో లేదో తెలియని మనిషి తండ్రి శవం ముందు ఏ మొహం పెట్టుకుని ఏడవాలి? అటు దొంగ ఏడుపూ కాదు, ఇటు నిజం ఏడుపూ కాదు. మా పోస్టుమాను వేషగాడికి మొదటి రిహార్సల్ నాడే తెలుసు తను హంతకుణ్ణని. తెలుసు కనకే దాచగలిగాడు.

వరస కూడా లేదు. తోట యజమాని కోతలున్నాయని గొడవ చేస్తే ముందు క్లైమాక్స్ తీశారు, తరవాత నా అంత్యక్రియలు, ఆ మర్నాడు నన్ను చంపారు. దాన్ని తప్పు పట్టను, సినిమా మొదటి నుంచీ ఇంతే. ఏ సీనులో గడియారం ఏ చేతికుందో రాసుకునే కంటిన్యూటీ అమ్మాయి దగ్గర ఓ ట్యాబ్ ఉంది. అందులో నా చొక్కా బొత్తాలు కూడా లెక్కపెట్టి పెట్టుకుంది. ఆ పిల్ల పని చూస్తే ముచ్చటేసింది. మా నాటికల్లో మొదటి రంగంలో పొడిచింది ఎడమవైపు, రెండో రంగంలో కట్టు కుడివైపు ఉన్న రాత్రులు లేకపోలేదు.

నాకు ఒళ్లు మండింది ఒక్కచోట. వాళ్ల కథలో ఆధారం ఓ మామిడికాయ. చచ్చిన రైతు తోటంతా బంగినపల్లి, శవం పక్కన పడుంది రసం కాయ. బయటివాడెవడో వచ్చాడన్నమాట. ఎంత మంచి ఊహ! ఎస్సై వేషగాడు ఆ కాయ తీసి, చొక్కాకు తుడిచి, విచారణ చేస్తూనే పీల్చేస్తాడు. జనం నవ్వుతారు, సాక్ష్యం ఎస్సైగారి కడుపులోకి పోతుంది. ఇక్కడిదాకా చప్పట్లు కొట్టాను. అప్పుడు కెమెరా తీసుకొచ్చి టెంక మీద పెట్టారు. దానికి సంగీతం కూడా వస్తుందట, డుయ్యిమని. "బాబూ, ఇంత చూపిస్తే ఇంకేం దాచినట్టు?" అన్నాను. ఆ డైరెక్టరు మర్యాదస్తుడు, కుర్చీ వేయించి మరీ చెప్పాడు. "తాతగారూ, ఈ రోజుల్లో ఫోన్ చూస్తూ, కూర తరుగుతూ చూస్తారండీ. రెండుసార్లు చెప్పకపోతే ఎక్కదు. పై నుంచి కూడా అదే చెప్పారు."

పై నుంచి అంటే ఎవరో అడగలేదు. కూర తరుగుతూ చూసేవాళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు. పున్నమ్మతోట నుంచి వచ్చిన నాటకమంతా విన్నది వాళ్లే, చేతులు పనిలో, చెవులు రేడియోలో. వాళ్లకు ఎవరూ రెండుసార్లు చెప్పలేదు.

కొత్తవాళ్లందరికీ చేతకాదని నేననడం లేదు. 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' చూశాను. నెల్లూరులో ఓ చిన్న డిటెక్టివ్, ఇంగ్లీషు సినిమాలు చూసి నేర్చుకున్న ఠీవి. రైలుపట్టాల పక్కన శవాల కథలో ఆ కుర్రాడు నవ్వించి నవ్వించి ఉన్నట్టుండి మన నోరు మూయించాడు. 2023లో 'సేవ్ ది టైగర్స్' అని సిరీస్ వచ్చింది. ఓ సినిమాతార కనపడకుండా పోతుంది, ముగ్గురు మొగుళ్లను పోలీసులు కూర్చోబెట్టి అడుగుతారు, వాళ్లు తమ కాపురాల గోల చెప్పుకుంటారు. మిస్టరీ పేరుకే. ప్రియదర్శి, అభినవ్ గోమఠం ఒకరి మాట మీద ఒకరు పడకుండా సందు ఇచ్చుకోవడం చూస్తే ఎక్కడో బాగా తర్ఫీదయ్యారనిపిస్తుంది. మా మనవడు అమెరికా సిరీస్ కూడా ఒకటి చూపించాడు, 2021లో మొదలైంది, న్యూయార్కులో ఒకే బిల్డింగులో హత్యల కథ. స్టీవ్ మార్టిన్, మార్టిన్ షార్ట్ అని నా ఈడువాళ్లిద్దరు. ఒకడు ఒకప్పటి టీవీ నటుడు, ఇంకొకడు చితికిపోయిన నాటక దర్శకుడు. అక్కడ ముసలి నాటకాలవాడు హంతకుణ్ణి పట్టుకుంటాడు. ఇక్కడ మొదటి ఎపిసోడ్లోనే చంపేస్తున్నారు.

నిన్న ఆ డైరెక్టరు ఫోన్ చేశాడు. చీమల గంతులు ఎడిటింగులో చూసుకుని మళ్లీ నవ్వుకున్నారట, ప్రోమోలో పెడతారట. "రెండో సీజన్లో మీ కవల తమ్ముడొస్తాడు తాతగారూ, పెద్ద వేషం, మాటలు కూడా ఉంటాయి" అన్నాడు. ఒప్పుకున్నాను. ఈసారి చచ్చేది ఎన్నో ఎపిసోడ్లోనో ముందే చెప్పు నాయనా, ఊపిరి అలవాటు చేసుకోవాలి అన్నాను. అది చెప్పకూడదట.