న్యూటన్ దొర మీద ఒక అర్జీ

ఈ అర్జీ ఎవరి సముఖానికి రాసుకోవాలో తెలియడం లేదు. ముద్దాయి న్యూటన్ దొర 1727లోనే పోయాడు. విచారించదగ్గ పెద్దమనిషి మన్రో దొర ఒకడుండేవాడు. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, మదరాసు గవర్నరై, 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. నూరేళ్ల తేడాతో ఇద్దరూ తప్పించుకున్నారు. మిగిలింది బాధితుణ్ని నేను, నా కాలి బొటనవేలికి కట్టు.

సంగతేమంటే, ఆదివారం పొద్దున్నే మా ఆవిడ ఇనప బీరువా వైపు చూసి, "ఏమయ్యో, దాన్ని నైరుతి మూలకు జరుపు. ఈడుంటే దుడ్డు నిలవదంట" అనింది. అది మా పెండ్లినాటి బీరువా. పట్టుచీరలు, పొలం కాగితాలు, అత్తగారిచ్చిన ఇత్తడి బిందె, అన్నీ దాని కడుపులోనే.

కదలకుండా ఉన్నది ఎవరో తోసేదాకా కదలదని ముద్దాయి మొదటి సూత్రం. మా రచ్చకట్ట మీద పులిజూదం ఆడేవాళ్లను ఒక్క పూట చూస్తే తెలిసే ముక్క ఇది. దీనికి గ్రంథమెందుకు? అదైనా 1687లో లాటిన్‌లో అచ్చేశాడు. గుత్తి దారిలో ఎర్రగుడి కొండరాళ్ల మీద అశోకుడు తన ఆజ్ఞలు చెక్కించాడు. చక్రవర్తి అంటే అట్లుండాలి. ఈయన మాకు నోటీసైనా ఇవ్వకుండా చట్టం అమలు చేస్తున్నాడు. పైగా దీనికి స్టే లేదు, బెయిలు లేదు, ఆదివారం సెలవూ లేదు.

తోశాను. బీరువా కదల్లేదు, నేనే వెనక్కి జారాను. నేనెంత తోస్తే అదీ నన్నంతే తోస్తుందని మూడో సూత్రం. సరే, సమానంగా తోసుకున్నవాళ్లలో నేనే ఎందుకు జారాలి? మోసమంతా ఇక్కడుంది. మా ఇంట్లో పరిచింది బేతంచర్ల నాపరాయి. అప్పుడే తడిబట్ట పెట్టి తుడిచారు. బీరువా తన బరువుతో నేలను అదిమి పట్టుకుంది. తడిరాయి మీద నా పాదాలకు ఆ పట్టు లేదు. ఎవరి కాళ్ల కింద ఘర్షణ తక్కువో వాళ్లే జారాలి.

రబ్బరు చెప్పులు వేసుకొచ్చి, ఊపిరి బిగబట్టి మళ్లీ తోశాను. తిరునాళ్లలో బండలాగుడు చూసినవాణ్ని, ఆ బుద్ధి నాకు ముందే ఉండాల్సింది. బండ కదిలేదాకానే ఎద్దులు మోకాళ్ల దాకా వంగుతాయి. ఒకసారి కదిలిందా, నేల పట్టు తగ్గుతుంది, ఇక పరుగే. బీరువా కూడా ఉన్నట్టుండి జానెడు జరిగింది. ఎత్తున చెయ్యేసి తోశానేమో, అవతలికి వాలి, ఇటుపక్క కాళ్లు లేచి, తిరిగి కూర్చుంది. కూర్చున్న చోట నా బొటనవేలుంది.

ఎంత తొందరగా ఆపితే అంత పెద్ద దెబ్బ అనే రెండో సూత్రం మీద ఫిర్యాదు పాతది. మార్కెట్లో టమోటా పెట్టె కొని బండి వెనక కట్టుకొస్తున్నాను. చెప్పాపెట్టకుండా ఒక స్పీడు బ్రేకరు. బండి ఆగింది, బండితోపాటు నేనూ ఆగాను, తాడు తెగిన పెట్టె ఆగలేదు. ఇసుకలో పడినవి ఇసుకతోపాటు సర్దుకుని మెల్లగా ఆగాయి, బతికాయి. రాయి మీద పడినవి రెప్పపాటులో ఆగాల్సొచ్చింది, అంత దెబ్బకు రసమయ్యాయి. అదే టమోటా, అదే ఎత్తు. ధర పడటం వేరే సంగతి. కిలో రూపాయికి దిగి, రైతులు రోడ్డు మీద పారబోసి పోయిన రోజులు మా ఊరు చూసింది. పడినంతా లేవాలని ఆ దొర ఏ సూత్రంలోనూ రాయలేదు.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి మా ఆవిడ బీరువాలోని సామానంతా మంచం మీదికి తీసేసింది. కాళ్ల కింద గోనెపట్ట దూర్చి, పక్కింటి పిల్లోడితో కలిసి నిమిషంలో నైరుతికి లాక్కుపోయింది. "బరువు తీసేసి జరపల్లని తెలీదా?" అనింది. ఆమె న్యూటన్‌ను చదవలేదు. నేను చదివాను. పదో తరగతి సైన్సులో నాకొచ్చిన మార్కులు ఈ అర్జీకి జత చేయడం లేదు.

ఇంకా రాయాల్సింది ఉంది గానీ లోపల్నుంచి పిలుస్తున్నారు. తాళంచెవి జారి బీరువాకూ గోడకూ మధ్య పడిందట.